మోకాళ్ళ మీద ఇరవై అయిదు నిమిషాలు

పదిహేడో భాగం

"ఏ పాపం ఎరగనప్పుడు బైబిలు మీద చెయ్యెయ్యటానికి భయమెందుకండీ?" అని ప్రేమమ్మ పొద్దుటి నుంచి నాలుగోసారి అడిగింది.

ఆమె భర్త ఇమ్మానియేలు వీధి గుమ్మం వైపే చూస్తున్నాడు. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో ఇస్త్రీ ఖాకీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. డ్యూటీకి రావద్దని చెప్పి నాలుగు రోజులైంది. అయినా ఏడింటికల్లా స్నానం చేసి, యూనిఫారం తొడుక్కుని, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోవటం ఆయన మానలేదు. ఇరవై రెండేళ్ళుగా నడుముకు వేలాడిన తాళాల గుత్తి మాత్రం ఇప్పుడు లేదు. అది బాపయ్యగారి బల్ల సొరుగులో ఉంది.

బాపయ్యగారు కోల్డ్ స్టోరేజీ యజమాని. మాట కటువే గానీ మనిషి మరీ చెడ్డవాడు కాదు. పోలీసుల దాకా పోకుండా తేల్చుకుందామన్నది ఆయనే. ఇవాళ పదకొండు గంటలకు హమాలీల ముందు, గుమస్తాల ముందు, ఆ దర్శి రైతు యలమంద ముందు ఇమ్మానియేలు బైబిలు మీద చెయ్యి పెట్టి, తాళాలు తన నడుం దిగలేదని చెప్పాలి. చెబితే నమ్ముతానన్నారు. చెప్పలేకపోతే ఆ తర్వాత అడిగేది పోలీసులేనన్నారు.

యలమందను మాత్రం ఏమనగలం? మార్చిలో ఏరి ఏరి దాచిన తేజ మిర్చి అతనిది. సోమవారం బస్తాలు బయటికి తీయించి కుట్టు విప్పితే, ముప్ఫై ఎనిమిది బస్తాల్లో తెల్లగా పాలిపోయిన తాలు కాయలున్నాయి. పైన రాసిన పేరూ, లాటు నంబరూ అన్నీ అతనివే. లోపలి కాయ ఒక్కటే అతనిది కాదు. యలమంద అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఆ బస్తాల పక్కనే కూలబడి సాయంత్రం దాకా లేవలేదు.

బి ఛాంబరు తాళం పగల్లేదు. తాళం చెవి ఉండేది ఒక్క మనిషి దగ్గర. ఆ ఒక్క మనిషీ సోమవారం నాడు అందరి ముందూ బెదిరిపోయి, గుత్తి తన నడుం మీద నుంచి ఒక్క క్షణం కూడా తియ్యలేదని చెప్పేశాడు.

"ప్రసన్న పదింటికి వస్తానన్నాడు. బండి మీద తీసుకెళ్తాడు. వాడు పక్కనుంటే మీకూ ధైర్యంగా ఉంటది," అని ప్రేమమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ప్రసన్నకుమార్ ఆమె తమ్ముడు. తల్లి పోయాక పదకొండేళ్ళ వాణ్ణి తన దగ్గరికి తెచ్చుకుని పెంచింది. కన్న కూతురి కంటే ఆ తమ్ముడి మీదే ఆమెకు ప్రాణం ఎక్కువని ఇంట్లో అందరికీ తెలుసు, కూతురికి మరీ బాగా తెలుసు. అదే కోల్డ్ స్టోరేజీలో కాటా గుమస్తా ఉద్యోగం వేయించింది ఇమ్మానియేలే. ఇప్పుడు సంఘంలో యువజనుల నాయకుడు, పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా లేచి నిలబడతారు.

లోపలి గదిలో కూతురు స్తుతి ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఇంకా తొమ్మిదే రోజులు," అని ఒంగోలు సుభానీ పొద్దున్నే గుంపులో పెట్టాడు. దాని కింద రెండు వందల మంది గంతులేస్తున్నారు. ఆ గుంపు పేరు 'ఎవరికీ కనబడం'. నాలుగు వేల మంది తెలుగు పిల్లలు, పిల్లలని పిలిస్తే ఒప్పుకోని ముప్ఫై ఏళ్ళ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. వాళ్ళందరినీ ఒకచోట చేర్చింది హాలోస్టెప్ అనే ఆట.

ఆ ఆటలో కత్తి ఉంటుంది గానీ తీసినవాడు చవట కింద లెక్క. కాపలావాళ్ళ చూపు తప్పించుకుని, అడుగు చప్పుడు వినబడకుండా లోపలికెళ్ళి, కావలసింది తీసుకుని, ఎవరో వచ్చిపోయారన్న అనుమానమైనా మిగల్చకుండా బయటపడాలి. దానికి రెండో భాగం వస్తుందని చెప్పి ఐదేళ్ళయింది. రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లు వాయిదా వేశారు. ఈసారి తప్పదన్నారు. అందుకే హైదరాబాదులో ఒక మహానుభావుడు నిక్షేపంగా ఉన్న నాయనమ్మను ఆ తేదీకి చంపేసి, ఆఫీసులో సెలవు కూడా మంజూరు చేయించుకున్నాడు. నరసరావుపేటలో ఒకాయన కొత్త స్క్రీను కొని, భార్య చూస్తుందని స్నేహితుడి ఇంట్లో మంచం కింద దాచాడు.

మామూలు రోజుల్లోనైతే ఇవన్నీ చదివి స్తుతి పడీ పడీ నవ్వేది. ఇవాళ ఆ ఫోను ముట్టుకోవటానికే ఆమెకు భయంగా ఉంది.

స్తుతికి ఇరవై మూడేళ్ళు. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు వాళ్ళ పాఠాల వీడియోలకు బొమ్మలు చేస్తుంది. పదిహేనేళ్ళప్పుడు ఆమెకు హాలోస్టెప్ నేర్పింది ప్రసన్న మావయ్యే. ఇద్దరూ ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని ఆడేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట మావయ్య గుడిలో సాక్ష్యం చెప్పి, ఆటలన్నీ వదిలేశానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. స్తుతి వదల్లేదు. రెండో భాగం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన వాళ్ళు ఊరుకోలేక పాత ఆటలోకి తామే కొత్త లెవెళ్ళు తయారుచేసి ఒకరికొకరు పంపుకోవటం మొదలుపెట్టారు. ఒకడు కోట కట్టాడు, ఒకడు ఓడ కట్టాడు. స్తుతి తనకు తెలిసిన చోటు కట్టింది.

చదువుకునే రోజుల్లో సెలవులొస్తే నాన్నకు అన్నం క్యారియరు తీసుకెళ్ళిన కోల్డ్ స్టోరేజీ అది. దానికి 'ఎర్ర గోదాం' అని పేరు పెట్టింది. ఛాంబర్లు, చెక్క అరలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందులు, వెనకవైపు బస్తాలు దించే చిన్న తలుపు, గచ్చులోకి దిగేసిన కాటా పళ్ళెం, అన్నీ ఉన్నచోట ఉన్నట్టే పెట్టింది. తాళాలవాణ్ణి కూడా పెట్టింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో వాళ్ళ సంఘంలో గొలుసు ప్రార్థన జరుగుతుంది. పగలంతా ఎవరో ఒకరు మోకాళ్ళ మీద ఉండాలి గనక ఇంటింటికీ కొంత సమయం పంచుతారు. మూడేళ్ళ కిందట ఇమ్మానియేలుకు మధ్యాహ్నం ఒకటిన్నర వచ్చింది. నలభై రోజులు కాగానే అందరూ ఆపేశారు, ఆయన మాత్రం ఆపలేదు. హమాలీలు అన్నాలకు వెళ్ళాక, ఛాంబర్ల ముందున్న నడవ చివర ఖాళీ గోతాల వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచి, తాళాల గుత్తి గోడ మేకుకు తగిలించి మోకరించేవాడు. దేవుడి ముందు తాళాలవాడిగా ఉండకూడదని ఆయన పట్టింపు. ఇరవై అయిదు నిమిషాల పాటు కళ్ళు తెరిచేవాడు కాదు. డ్యూటీ వదిలాడంటారని పనిచేసే చోట ఒక్కరికీ చెప్పలేదు, బావమరిదికి కూడా చెప్పలేదు. భార్యకు తెలుసు. క్యారియరు తెచ్చిన కూతురు కళ్ళారా చూసింది.

చూసినదాన్ని చూసినట్టే ఆటలో పెట్టింది. నాన్న అలా మోకరించటం ఆమెకు ఎంతో ఇష్టం, అందుకే పెట్టింది. గుంపులో వాళ్ళకూ నచ్చింది. మోకాళ్ళ తాత అని పేరు కూడా పెట్టుకున్నారు. పోయిన నెల ఆ కంపెనీ వాళ్ళు అభిమానులు చేసిన లెవెళ్ళలో పన్నెండింటిని రెండో భాగంలో కలుపుతున్నామని ప్రకటిస్తే, అందులో ఎర్ర గోదాం ఉంది. తొమ్మిది రోజుల్లో ఇమ్మానియేలు దేశదేశాల్లో మోకరించబోతున్నాడు.

మంగళవారం నాడు ప్రసన్న వచ్చి, బి ఛాంబరు వెనక చిన్న తలుపు గడియ లోపలి నుంచి తీసి ఉందట అక్కా అని చెబుతుంటే స్తుతి చేతిలో గ్లాసు జారిపోయింది. మేకు మీది తాళాలు తీసుకోవటం, బి ఛాంబరు తెరవటం, వెనక తలుపు గడియ తియ్యటం, తాళాలు మళ్ళీ మేకుకే తగిలించటం. ఎర్ర గోదాంలో అందరికంటే తక్కువ సమయంలో పని ముగించిన ఆటగాడి దారి అడుగడుగునా అదే. ఒకసారి ఆ గడియ తీసి పెడితే రాత్రిపూట వెనక నుంచి బస్తాలు మార్చుకోవచ్చు. గుంపులో ఆ ఆటగాడి పేరు తెల్లకాకి. అసలు పేరు ఎవరికీ తెలియదు.

ఏప్రిల్లో ఆ తెల్లకాకి ఆమెకు రాసిన మాటలు ఇప్పుడు మళ్ళీ తీసి చదివింది. కాపలావాడు నిజంగానే ఇరవై అయిదు నిమిషాలు లేవడా, ఆట కోసం పెంచావా అని అడిగాడు. ఆదివారం కూడా అంతేనా అని అడిగాడు. మెచ్చుకుంటున్నాడనుకుని స్తుతి మురిసిపోయింది. ఇందులో వెంట్రుకవాసి కూడా కల్పన లేదని గొప్పగా జవాబిచ్చింది. ఆ తర్వాత అతను ఆ లెవెలు అరవై నాలుగు సార్లు ఆడాడు. అంత అభిమానమా అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఆ అంకె కనబడకుండా ఫోను బోర్లా పెట్టేసింది.

స్తుతి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, నాన్న ప్రమాణం చెయ్యకూడదు."

ప్రేమమ్మ ఇడ్లీ రేకులు దించుతోంది. స్తుతి గొంతు తగ్గించి మొదటి నుంచీ చెప్పింది. ఆట గురించి చెప్పింది, గోదాం గురించి చెప్పింది, ఎవడో అడిగితే తాను చెప్పిన జవాబుల గురించి చెప్పింది. ప్రేమమ్మకు సగం అర్థం కాలేదు. ఆటలో మీ నాన్న బొమ్మ ఎందుకుందని రెండుసార్లు అడిగింది. మిగిలిన సగం మాత్రం ఆమెకు చాలా బాగా అర్థమైంది.

"ఇది నా చెవిన పడ్డ చోటే ఆగాలి. ఇంకెవరికీ చెప్పమాక."

"ఆయన తాళాలు తీసి మేకుకి తగిలిస్తాడని నీకూ తెలుసు కదమ్మా. తియ్యలేదని బైబిలు మీద చెయ్యేసి ఎట్టా చెప్తాడు?"

"తెలిస్తే ఏం చెయ్యమంటావే? ప్రార్థన చేసుకుంటా కాపలా గాలికొదిలేశాడంటారు. రేపట్నుంచి మనవాళ్ళలో ఒక్కణ్ణి ఏ గేటు దగ్గరా పెట్టుకోరు. ఆయన దొంగ కాడని దేవుడికి తెలుసు. అది చాలు."

"ఆ దేవుడి ముందే కదా అబద్ధం చెప్పేది."

ప్రేమమ్మ చేతిలో రేకు చేతిలోనే ఉండిపోయింది. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నా కట్టెయ్యాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

ఆ ఇంట్లో వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది ఒక్క కర్టెను. దాని అవతల నుంచి ఇమ్మానియేలు, అమ్మాయిని ఇటు రమ్మను అన్నాడు.

స్తుతి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. తండ్రి మొహంలోకి చూడలేక ఖాకీ చొక్కా గుండీల వంకే చూస్తూ ఉంది. కొడితే బాగుండుననిపించింది. చిన్నప్పుడైనా ఆయన కొట్టిన మనిషి కాదు.

"అందులో నేను మోకరిస్తానా అమ్మా?"

"మోకరిస్తావు నాన్నా."

"తాళాలు?"

"మేకుకి తగిలిస్తావు."

"ఎంతమంది చూశారు?"

"నాలుగు వేల మంది దాకా."

బయట అప్పడాలమ్మే ఆవిడ కేకేసుకుంటూ వీధి చివరి దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, వెళ్ళిపోయింది. తర్వాత ఆయన, నాకు చూపించు అన్నాడు.

స్తుతి ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. తెల్లకాకి ఆట మొత్తం రికార్డయి ఉంది. తన గొప్ప అందరూ చూడాలని అతనే గుంపులో పెట్టుకున్నది. నొక్కగానే ఇరవై రెండేళ్ళు తాను తిరిగిన నడవ ఇమ్మానియేలు కళ్ళ ముందుకు వచ్చింది. ఖాకీ చొక్కా మనిషి ఒకడు చెప్పులు విడిచాడు. గుత్తి తీసి మేకుకు తగిలించాడు. మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నొప్పిగా వంచాడు.

"నా ఎడమ మోకాలు ముందు వంగదని కూడా పెట్టావే," అన్నాడు ఇమ్మానియేలు. ఆ మాటలో కోపం లేకపోవటమే స్తుతికి భరించరాకుండా ఉంది.

గోతాల చాటు నుంచి ఒక నల్లటి ఆకారం బయటికి వచ్చింది. మోకరించిన మనిషి వీపు వెనక అర అడుగు దూరంలో ఆగి, చెయ్యి చాపి తాళాలు అందుకుంది. ఆ మనిషి తల ఎత్తలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆకారం నడవ దాటి, బి ఛాంబరు వైపు నడిచి, లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

"ఇంతసేపూ నా వెనకాల మనిషి తిరుగుతున్నాడన్నమాట," అన్నాడు ఆయన.

చివరికొచ్చాక ఇంకొకసారి వెయ్యమన్నాడు. రెండోసారి ముందుకు వంగి చూశాడు. ఆకారం నడవ మధ్యలో ఉన్న కాటా దగ్గరికి రాగానే ఆపమన్నాడు.

"వాడు చుట్టూ తిరిగి పోయాడెందుకు?"

స్తుతి చూసింది. గచ్చులో నేలమట్టంగా ఉన్న ఇనప పళ్ళెం అది. దాని మీదుగా నడిచిపోవటమే దగ్గర దారి. ఆటలో ఆ పళ్ళెం చప్పుడు చెయ్యదు, ఎవరినీ లేపదు. మిగతా ఆటగాళ్ళందరూ దాన్ని తొక్కుకుంటూనే పోయారు. ఒక్క క్షణం కూడా వృథా చెయ్యని తెల్లకాకి మాత్రం వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ దాన్ని తొక్కకుండా చుట్టి పోయాడు. అలవాటేమోలే అని అప్పట్లో అనుకుంది. ఆ మాటే ఇప్పుడు పైకి చెప్పింది.

"అలవాటే," అన్నాడు ఇమ్మానియేలు.

హమాలీలు కాటా తొక్కుతారు. రైతులు తొక్కుతారు. బాపయ్యగారు చెప్పుల కాళ్ళతో తొక్కుతారు. ఇమ్మానియేలు కూడా ఎన్నిసార్లు తొక్కాడో లెక్కలేదు. తొక్కని మనిషి అక్కడ ఒక్కడే. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి, ముల్లు సున్నా దగ్గరికి తెచ్చి, కాలు పెట్టినవాణ్ణల్లా కసిరే మనిషి. తూకం చెడిపోతుందని నిద్రలో లేపినా దాని మీద అడుగు వెయ్యడు.

తండ్రి మొహం చూశాక స్తుతికి అర్థమైంది. ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని తనకు నడక నేర్పిన మనిషి గుర్తొచ్చాడు. నోరు తెరవబోతే ఇమ్మానియేలు ఆమె చేతి మీద చెయ్యి వేసి నొక్కాడు.

వీధిలో బండి హారన్ రెండుసార్లు మోగింది.

"తమ్ముడొచ్చాడు," అంటూ ప్రేమమ్మ చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. నాలుగు రోజుల్లో ఆమె మొహం కాస్త విప్పారింది అప్పుడే. స్తుతి ల్యాప్‌టాప్ మూసేసింది.

ప్రసన్నకుమార్ తెల్లచొక్కా వేసుకుని, చంకలో నల్ల అట్ట బైబిలు పెట్టుకుని లోపలికి వచ్చాడు. అక్కకు వందనాలు చెప్పాడు, స్తుతి నెత్తి మీద చిన్నగా మొట్టాడు. ఏం కాదు బావా, రెండు నిమిషాల పని, చెప్పేసి వచ్చేద్దాం, బాపయ్యగారితో రాత్రే మాట్లాడి పెట్టాను అన్నాడు. స్తుతి అతని మొహంలో ఏదైనా కనబడుతుందేమోనని వెతికింది. ఎప్పుడూ ఉండే మావయ్యే కనబడ్డాడు.

"కూర్చో ప్రసన్నా. తిని పోదాం," అన్నాడు ఇమ్మానియేలు.

"టైమవుతోంది బావా."

"అయితే అవనీ. కూర్చో."

మొగుడు తనంతట తాను తింటానన్నందుకు ప్రేమమ్మ పొంగిపోయింది. గబగబా చాప పరిచి రెండు పళ్ళేలు పెట్టింది. వేడి వేడి ఇడ్లీలు నాలుగేసి వేసి, తమ్ముడి పళ్ళెంలో నెయ్యి ఇంకొక గరిటె ఎక్కువ వేసింది. అది ఆమె ఎప్పుడూ చేసే పనే. బావా బావమరిది ఎదురెదురుగా కూర్చున్నారు. స్తుతి గోడకు ఆనుకుని నిలబడింది.

"ప్రార్థన నువ్వు చెయ్యి," అన్నాడు ఇమ్మానియేలు.

ప్రసన్నకుమార్ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ప్రేమమ్మ పైట కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. స్తుతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రార్థనప్పుడు కళ్ళు తెరిచి ఉన్న మనిషిని చూడలేదు. ఇప్పుడు చూసింది. ఇమ్మానియేలు కళ్ళు మూసుకోలేదు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, మీకు స్తోత్రాలు," అని ప్రసన్న అందుకున్నాడు. మంచి గొంతు. ప్రేమమ్మ స్తోత్రం అంది. "ఈ ఆహారాన్ని దీవించండి తండ్రీ." ప్రేమమ్మ స్తోత్రం అంది. ప్రసన్న ప్రార్థన చేస్తే ప్రతి మాటకూ గట్టిగా స్తోత్రం పలికే మనిషి ఆ ఇంట్లో ఇమ్మానియేలు. ఆయన గొంతు వినబడకపోయేసరికి ప్రసన్న కొంచెం తడబడి, మళ్ళీ సర్దుకున్నాడు. "మీ దాసుడైన మా బావ మీద పడిన నిందను తీసివెయ్యండి ప్రభువా. ఆయన నోట అబద్ధం లేదని మీకు తెలుసు. ఆ పని చేసినవాడు..."

మాట అక్కడ ఆగింది. ప్రసన్న రెప్పలు అదిరాయి. ఎదుటి మనిషి ఊపిరి కూడా వినబడటం లేదు. మెల్లగా ఒక కన్ను, తర్వాత రెండో కన్ను తెరిచాడు.

ఇమ్మానియేలు అతన్నే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో ప్రసన్నకు తెలియదు. అతని జోడించిన చేతులు పళ్ళెం మీదికి జారాయి.

ప్రార్థన అయిపోయిందనుకుని, కళ్ళు ఇంకా తెరవకుండానే, ప్రేమమ్మ ఒక్కతే ఆమెన్ అంది.